ఎంఎస్సీ నిబంధనలు మారుతున్నాయి: విద్యార్థులు, ఉద్యమకారులు గమనించాల్సిన ఏడు అంశాలు

1916లో బాబాసాహెబ్ అంబేద్కర్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరారు. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ గడువు 1917లో తీరిపోయింది. చదువు మధ్యలో ఆపి దేశానికి తిరిగి రావలసి వచ్చింది. అయితే నాలుగేళ్లలోపు తిరిగి వస్తే చదువు కొనసాగించుకోవచ్చని ఆయనకు అనుమతి దొరికింది. ఆయన బొంబాయిలోని సిడెన్‌హామ్ కళాశాలలో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టుకున్నారు. కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, మిత్రుడు నవల్ భతేనా ఇచ్చిన అప్పు తోడయ్యాయి. 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. 1921లో అర్థశాస్త్రంలో ఎంఎస్సీ, 1923లో డీఎస్సీ అందుకున్నారు.

ఆయన తెలివి గురించి, పట్టుదల గురించి మనం ఎప్పుడూ చెప్పుకుంటాం. వాటితో పాటు ఇందులో ఒక చిన్న నిబంధన కూడా పనిచేసింది. డబ్బులేక ఆగిపోయిన విద్యార్థి నాలుగేళ్లలో తిరిగి రావచ్చు అన్న ఆ ఒక్క వెసులుబాటు లేకపోతే, ఆ ఎంఎస్సీ అక్కడితో ఆగిపోయేది.

వందేళ్ల తర్వాత మన విశ్వవిద్యాలయాలు ఎంఎస్సీ పట్టాకు కావాల్సిన షరతులను తిరగరాస్తున్నాయి. ఎన్ని క్రెడిట్లు, ఎన్నేళ్లు, డిసర్టేషన్ ఉండాలా వద్దా, ఎవరు మార్కులు వేస్తారు, ఎన్నేళ్లలో ముగించాలి అన్నవన్నీ మారుతున్నాయి. రిజర్వేషన్ ప్రకారం సీటు వచ్చిందా లేదా అన్నది మనం గట్టిగా చూస్తాం, రోస్టర్ తప్పితే నిలదీస్తాం. సీటు వచ్చిన విద్యార్థి చేతికి పట్టా వచ్చిందా లేదా అన్నది తేల్చే నిబంధనలను మాత్రం ఎవరూ చదవరు. అవి ఒక విభాగం సమావేశ గదిలో, పది మంది కూర్చుని ఆమోదించే కాగితాలు. ఈ వ్యాసం ఆ కాగితాలను ఎలా చదవాలో చెప్పే ప్రయత్నం.

అసలు ఏం మారింది?

2020 జాతీయ విద్యా విధానం తర్వాత యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) వరుసగా కొన్ని పత్రాలు తెచ్చింది. ఎంఎస్సీకి సంబంధించి ముఖ్యమైనవి ఇవి.

2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు వచ్చాయి. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు డిజిటల్ ఖాతాలో జమ అవుతాయి. ఇవి గరిష్ఠంగా ఏడేళ్లు చెల్లుతాయి.

2022 డిసెంబరులో డిగ్రీకి కొత్త చట్రం వచ్చింది. మూడేళ్లకు 120 క్రెడిట్లతో మామూలు డిగ్రీ, నాలుగేళ్లకు 160 క్రెడిట్లతో ఆనర్స్ డిగ్రీ. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన తెచ్చుకున్నవారు నాలుగో ఏడాదిలో పరిశోధన ఎంచుకోవచ్చు.

2024లో పీజీ కోర్సులకు క్రెడిట్ చట్రం వచ్చింది. మూడేళ్ల బీఎస్సీ చేసినవారికి రెండేళ్ల ఎంఎస్సీ. నాలుగేళ్ల ఆనర్స్ చేసినవారికి ఒక ఏడాది ఎంఎస్సీ. వీటితోపాటు ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు. ఏడాదికి 40 క్రెడిట్లు లెక్క. రెండేళ్ల ఎంఎస్సీలో మొదటి ఏడాదంతా తరగతి పాఠాలు, ల్యాబులే. రెండో ఏడాదికి మూడు దారులు ఉన్నాయి: పూర్తిగా పాఠాలు, సగం పాఠాలు సగం పరిశోధన, లేదా పూర్తిగా పరిశోధన. మొదటి ఏడాది తర్వాత మానేస్తే పీజీ డిప్లొమా ఇచ్చి పంపుతారు.

2025లో ఈ మార్పులను యూజీసీ కనీస ప్రమాణాల నిబంధనలుగా నోటిఫై చేసింది. ఏడాదికి రెండుసార్లు ప్రవేశాలు, చదువులోకి ఎప్పుడైనా రావడం పోవడం, బీఎస్సీలో చదవని సబ్జెక్టులోనూ ప్రవేశ పరీక్ష పాసైతే ఎంఎస్సీలో చేరే అవకాశం ఇందులో ఉన్నాయి.

తెలుగు రాష్ట్రాల విషయానికి వస్తే, ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలల్లో 2023-24 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి అమల్లోకి వచ్చింది. పాత బీఎస్సీలో మూడు సబ్జెక్టులు సమానంగా చదివిన విద్యార్థికి, కొత్త పద్ధతిలో ఒక్క మేజర్‌తో వచ్చిన విద్యార్థికి ఎంఎస్సీ మొదటి సెమిస్టర్ ఒకేలా ఉండదు. అందుకే డిగ్రీ మారిన ప్రతిచోటా పీజీ నిబంధనలూ మార్చక తప్పడం లేదు.

ఎవరు మారుస్తారు?

యూజీసీ చట్రం మాత్రమే ఇస్తుంది. దాని లోపల చాలా విషయాలు విశ్వవిద్యాలయానికే వదిలేస్తుంది. ఈ తేడా తెలియకపోతే మన వినతిపత్రం తప్పు చిరునామాకు వెళుతుంది. "పైనుంచి వచ్చిన ఆదేశం, మేమేం చేయలేం" అని విభాగాధిపతి చెబితే, ఆ మాట అన్ని నిబంధనలకూ వర్తించదు.

సిలబస్, క్రెడిట్ల పంపకం, డిసర్టేషన్ తప్పనిసరా కాదా అన్నవి మొదట బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో తయారవుతాయి. ఇందులో ఆ విభాగం అధ్యాపకులు, బయటి నుంచి ఒకరిద్దరు నిపుణులు ఉంటారు. అక్కడి నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో అకడమిక్ కౌన్సిల్‌కు, రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అకడమిక్ సెనేట్‌కు లేదా దాని స్టాండింగ్ కమిటీకి వెళుతుంది. పాలనాపరమైన ఆమోదం ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌ది. స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలలకు సొంత బోర్డ్ ఆఫ్ స్టడీస్, సొంత అకడమిక్ కౌన్సిల్ ఉంటాయి.

మార్పు కోరాలంటే మొదటి మెట్టు మీదే అడగాలి. అకడమిక్ కౌన్సిల్‌కు వెళ్లేసరికి అది వందల పేజీల ఎజెండాలో ఒక అంశం. అక్కడ ఒక్కో కోర్సును విడిగా చర్చించే ఓపిక ఎవరికీ ఉండదు.

1. ఒక ఏడాదా, రెండేళ్లా?

లెక్క చూస్తే మూడు ప్లస్ రెండు, నాలుగు ప్లస్ ఒకటి, రెండూ ఐదేళ్లే. కానీ ఆ నాలుగో ఏడాది ఎక్కడ దొరుకుతుంది అన్నది ప్రశ్న. పరిశోధనతో కూడిన ఆనర్స్ నడపాలంటే విభాగానికి ల్యాబు, లైబ్రరీ, పీహెచ్‌డీ గైడ్లుగా గుర్తింపు ఉన్న కనీసం ఇద్దరు శాశ్వత అధ్యాపకులు ఉండాలని యూజీసీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకుల మీద నడిచే మండల కేంద్రపు ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు ఇది అందేది కాదు. తెలంగాణలో 2016లో మొదలైన సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాలల నుంచి ఇంట్లో మొదటిసారి సైన్సు డిగ్రీ అందుకుంటున్న ఆడపిల్లలు వస్తున్నారు. వాళ్లలో అత్యధికులకు మూడేళ్ల డిగ్రీ తర్వాత రెండేళ్ల ఎంఎస్సీయే దారి.

కాబట్టి విశ్వవిద్యాలయం ఏడాది ఎంఎస్సీ మొదలుపెడుతున్నప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న: రెండేళ్ల కోర్సు సీట్లు అలాగే ఉన్నాయా, లేక వాటిలోంచే కోసి ఇటు పెట్టారా? రెండో ప్రశ్న: రెండు కోర్సుల్లో రిజర్వేషన్ విడివిడిగా లెక్కిస్తున్నారా? ఏడాది కోర్సులో ఎస్సీ, ఎస్టీ సీట్లు ఖాళీగా మిగిలితే ఏం చేస్తారు? "అర్హులు దొరకలేదు" అని ఆ సీట్లు జనరల్‌లో కలపడం మొదలైతే, అర్హతనే కొందరికి అందని చోట పెట్టి, అందలేదని శిక్షించినట్టు అవుతుంది. అలా మిగిలిన సీట్లను రెండేళ్ల కోర్సులోని అదే వర్గం విద్యార్థులకు ఇవ్వాలని నిబంధనలోనే రాయించుకోవాలి.

పీహెచ్‌డీ లెక్క కూడా ఇక్కడే ముడిపడి ఉంది. 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే ఎంఎస్సీ లేకుండానే పరిశోధనలో చేరవచ్చు. ఎంఎస్సీ చేసినవారికి 55 శాతం చాలు. ఎస్సీ, ఎస్టీలకు రెండుచోట్లా 5 శాతం సడలింపు ఉంది. అంటే మన విద్యార్థికి ఒక దారిలో 70, మరో దారిలో 50. నాలుగో ఏడాది దొరకని విద్యార్థులకు పరిశోధన వైపు వెళ్లే దారి రెండేళ్ల ఎంఎస్సీ ఒక్కటే. ఆ కోర్సు బలహీనపడితే పీహెచ్‌డీలో మన సంఖ్యా తగ్గుతుంది. ఐదారేళ్ల తర్వాత అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుల నోటిఫికేషన్ వచ్చినప్పుడు అదే మాట మళ్లీ వింటాం: అర్హులు దొరకలేదు.

2. క్రెడిట్ల వెనుక గంటలు

క్రెడిట్ అన్న మాట వినగానే మార్కులు గుర్తొస్తాయి. నిజానికి అది సమయం కొలత. సెమిస్టరుకు 15 వారాలు అనుకుంటే, వారానికి ఒక గంట పాఠం ఒక క్రెడిట్. ల్యాబు, ఫీల్డు వంటి పనికి వారానికి రెండు గంటలు ఒక క్రెడిట్. 20 క్రెడిట్ల పరిశోధన సెమిస్టరును ఇదే లెక్కన చూస్తే వారానికి 40 గంటలు, సెమిస్టరుకు 600 గంటలు.

ట్యూషన్లు చెప్పుకుంటూ, సాయంత్రాలు కొరియర్ మోస్తూ, కోతల సమయంలో ఊరికి వెళ్లి కూలి డబ్బు ఇంట్లో ఇచ్చి వచ్చే విద్యార్థి ఈ 600 గంటలు ఎక్కడ నుంచి తేవాలి? దీనికి జవాబు పరిశోధన వద్దనడం కాదు. పరిశోధన దారిలో స్టైపెండ్, హాస్టల్, సెలవుల్లో మెస్ తెరిచి ఉంచడం కూడా నిబంధనలో భాగం కావాలని అడగడం. ల్యాబు వేసవిలో నడుస్తూ, హాస్టల్ మూసి ఉంటే, నగరంలో ఇల్లున్న విద్యార్థి ఒక్కడే ప్రాజెక్టు పూర్తి చేస్తాడు.

3. డిసర్టేషన్, గైడ్

యూజీసీ చట్రంలో పాఠాలు మాత్రమే చదివి ఎంఎస్సీ ముగించే దారి ఉంది. డిసర్టేషన్ తప్పనిసరి చేయడం విభాగం నిర్ణయం. ఒకవేళ తప్పనిసరి చేస్తే, దానికి తగిన ఏర్పాట్లు చేసే బాధ్యత కూడా విభాగానిదే.

అడగాల్సినవి: గైడ్‌ను ఏ తేదీలోపు కేటాయిస్తారు? ఎలా కేటాయిస్తారు? అధ్యాపకుడు విద్యార్థిని ఎంచుకునే పద్ధతి అయితే చివరికి ఎవరూ తీసుకోని విద్యార్థులు మిగులుతారు. వాళ్లు ఎవరో మనకు తెలుసు. విద్యార్థి మూడు ఇష్టాలు రాసి ఇవ్వడం, ఒక్కో అధ్యాపకుడికి గరిష్ఠ సంఖ్య పెట్టడం, విభాగమే తేదీ ప్రకారం జాబితా ప్రకటించడం మేలైన పద్ధతి. గైడ్ మార్పు కోరే హక్కు, కారణం బయటపెట్టకుండా కోరే వీలు ఉండాలి. రసాయనాలు, శాంపిళ్ల పరీక్ష, ఫీల్డు ప్రయాణం, బైండింగు ఖర్చు ఎవరు భరిస్తారో రాసి ఉండాలి. రాసి లేకపోతే అది విద్యార్థి మీదే పడుతుంది.

గైడ్ కేటాయింపు ఎంత పెద్ద విషయమో హైదరాబాద్ నేర్పింది. 2008 ఫిబ్రవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థి సెంథిల్ కుమార్ చనిపోయాడు. తమిళనాడులోని సేలం ప్రాంతపు దళిత కుటుంబం నుంచి వచ్చినవాడు. కోర్సువర్క్ పాసవడం, గైడ్ దొరకడం, ఫెలోషిప్ కొనసాగడం ఒకదానికొకటి ముడిపడి అతని మీద భారంగా పడ్డాయి. విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ వినోద్ పావరాల నేతృత్వంలో వేసిన కమిటీ, నియమాల్లో ఉన్న అస్పష్టతను, అవి రిజర్వేషన్ విద్యార్థుల మీద చూపిన ప్రభావాన్ని ఎత్తిచూపింది. అది పీహెచ్‌డీ కోర్సు. ఇప్పుడు అదే ఏర్పాటు, అంటే కోర్సువర్క్, గైడ్, పరిశోధన ఎంఎస్సీలోకి దిగివస్తోంది. పాత గాయం నేర్పిన జాగ్రత్తలు కూడా దానితో పాటు దిగివస్తున్నాయా అని మనం అడగాలి.

4. ఇంటర్నల్స్, ప్రాక్టికల్స్, వైవా

రాత పరీక్షలో జవాబుపత్రం మీద నంబరు ఉంటుంది, పేరు ఉండదు. వైవాలో పేరు, ముఖం, ఉచ్చారణ, ఇంటిపేరు, ఒక్కోసారి "మీ నాన్న ఏం చేస్తారు" అన్న ప్రశ్న ఉంటాయి. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ (ఎయిమ్స్, ఢిల్లీ)లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పరిస్థితిపై సుఖదేవ్ థోరాట్ నేతృత్వంలోని కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. తరగతి గదిలో, హాస్టల్‌లో వివక్షతో పాటు ఇంటర్నల్ మూల్యాంకనంలో, ప్రాక్టికల్స్, వైవాల్లో పక్షపాతాన్ని విద్యార్థులు చెప్పిన తీరును అది నమోదు చేసింది. అది వైద్య విద్య. కానీ ల్యాబు, వైవా ఉన్న ప్రతి సైన్సు కోర్సుకూ ఆ పాఠం వర్తిస్తుంది.

కొత్త నిబంధనల్లో నిరంతర మూల్యాంకనం వాటా పెరిగితే, ముఖం చూసి వేసే మార్కుల వాటా పెరిగినట్టే. అయితే దీనికి రెండో వైపూ ఉంది. ఒకే ఒక్క మూడు గంటల పరీక్షలో ఇంగ్లీషు రాతతో తడబడే విద్యార్థికి, ఏడాది పొడవునా ల్యాబులో చేసిన పని లెక్కలోకి రావడం మంచిదే. కాబట్టి ఇంటర్నల్స్ వద్దని అడగడం కంటే వాటికి కట్టుబాట్లు అడగడం మేలు.

ఆ కట్టుబాట్లు కష్టమైనవేమీ కావు. దేనికి ఎన్ని మార్కులో సెమిస్టర్ మొదట్లోనే రాతలో ఇవ్వాలి. ఇంటర్నల్ మార్కులు ఫైనల్ పరీక్షకు ముందే నోటీసు బోర్డులో పెట్టాలి, అభ్యంతరానికి గడువు ఇవ్వాలి. డిసర్టేషన్‌కు గైడ్ కాకుండా మరొకరు కూడా మార్కులు వేయాలి, ఇద్దరి మార్కులు విడివిడిగా నమోదవాలి. వైవాలో తక్కువ మార్కులు వేస్తే రెండు వాక్యాల కారణం రాయాలి. కుటుంబం, ఊరు, కులం తెలిసే ప్రశ్నలు అడగకూడదని పరీక్షకులకు ఇచ్చే సూచనల్లోనే ఉండాలి.

5. వేరే సబ్జెక్టు నుంచి ప్రవేశం

మారిన నిబంధనల్లో మనకు నిజంగా మేలు చేయగలిగింది ఇది. ఊరి దగ్గర కళాశాలలో ఉన్న గ్రూపే చదవాల్సి వచ్చిన పిల్లలు ఎందరో. భౌతికశాస్త్రం ఇష్టమైనా, అందుబాటులో ఉన్నది బీజెడ్‌సీ కాబట్టి అందులో చేరినవాళ్లు. ఇకపై జాతీయ స్థాయి లేదా విశ్వవిద్యాలయ స్థాయి ప్రవేశ పరీక్ష పాసైతే డిగ్రీలో చదవని సబ్జెక్టులోనూ ఎంఎస్సీ చేయవచ్చని యూజీసీ అంటోంది.

కానీ చేరాక ఏమవుతుంది? పునాది లేని విద్యార్థికి బ్రిడ్జి కోర్సు పెడతారా? దానికి క్రెడిట్లు ఉంటాయా, లేక 80 క్రెడిట్ల పైన అదనపు భారమా? దానికి ఫీజు ఉందా? అందులో తప్పితే మొదటి సెమిస్టర్ ఆగిపోతుందా? తలుపు తెరిచి మెట్లు కట్టకపోతే, ఏడాది తర్వాత "మేం అవకాశం ఇచ్చాం, వాళ్లు నిలబడలేకపోయారు" అన్న లెక్క సిద్ధంగా ఉంటుంది. బ్రిడ్జి కోర్సు క్రెడిట్ లోపల ఉండాలి, ఫీజు లేకుండా ఉండాలి, అందరికీ తెరిచి ఉండాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకే అని పేరు పెట్టి వేరే గదిలో కూర్చోబెట్టే రెమిడియల్ తరగతి ఎంత అవమానమో అనుభవించినవాళ్లకు తెలుసు.

6. మధ్యలో వెళ్లిపోవడం, తిరిగి రావడం, గడువు

ఏడాది తర్వాత పీజీ డిప్లొమాతో వెళ్లవచ్చు అన్నది సౌకర్యంగా కనబడుతుంది. ఎవరికి సౌకర్యం? బ్యాక్‌లాగులు మిగిలిన విద్యార్థిని కూర్చోబెట్టి "డిప్లొమా తీసుకుని వెళ్లు, తర్వాత చూద్దాం" అని చెప్పడం విభాగానికి సౌకర్యం. గతంలో డ్రాపౌట్ అని రాయాల్సిన చోట ఇప్పుడు ఎగ్జిట్ అని రాస్తారు. పేరు మారుతుంది, ఎస్సీ విద్యార్థి ఇంటికి వెళ్లిపోవడం మారదు.

ఇక్కడే అంబేద్కర్ అనుభవం పనికొస్తుంది. మధ్యలో ఆగడం తప్పు కాదు. తిరిగి వచ్చే హక్కు కాగితం మీద ఉందా లేదా అన్నదే తేడా. కాబట్టి ఎగ్జిట్ నిబంధన చదివేటప్పుడు పక్కనే రీఎంట్రీ నిబంధన వెతకాలి. ఎన్నేళ్లలో రావచ్చు? సీటు ఖాళీ ఉంటేనేనా, హక్కుగానా? తిరిగి వచ్చేసరికి సిలబస్ మారితే పాత క్రెడిట్లు చెల్లుతాయా? క్రెడిట్ బ్యాంకులో ఏడేళ్లు చెల్లుబాటు ఉన్నా, ఆ క్రెడిట్లను ఒప్పుకోవాల్సింది విశ్వవిద్యాలయమే.

పాత బ్యాచ్ సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. కొత్త నిబంధన ఏ ఏడాది చేరినవారి నుంచి అమలవుతుందో మొదటి పేజీలోనే ఉండాలి. పాత సిలబస్ బ్యాక్‌లాగులు ఉన్నవాళ్లకు పరీక్షలు ఎన్నిసార్లు పెడతారో ఉండాలి. సిలబస్ మారిన రెండేళ్లకు పాత పేపర్ పరీక్ష ఆపేస్తే, ఒక్క సబ్జెక్టు మిగిలిన విద్యార్థి ఎంఎస్సీ శాశ్వతంగా అసంపూర్తిగా మిగులుతుంది.

7. స్కాలర్‌షిప్, హాజరు

ఎంఎస్సీ నిబంధన ఒక ఆఫీసులో తయారవుతుంది, స్కాలర్‌షిప్ నిబంధన మరో ఆఫీసులో. రెండింటి మధ్య నలిగేది విద్యార్థి.

ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కుటుంబ వార్షికాదాయ పరిమితి 2.5 లక్షల రూపాయలు. కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరించాలి. 75 శాతం హాజరు ఉండాలి. హాజరు విషయంలో విశ్వవిద్యాలయం సడలింపు ఇచ్చినా, స్కాలర్‌షిప్ పోర్టల్ ఇవ్వదు. పరిశోధన సెమిస్టరులో తరగతులే ఉండవు. అప్పుడు హాజరు ఎవరు, ఎలా నమోదు చేస్తారు? బయటి సంస్థలో ప్రాజెక్టు చేసే విద్యార్థి హాజరు ఎక్కడ పడుతుంది? నిబంధనలు రాసేటప్పుడే దీనికి జవాబు ఉండాలి.

మరో చిక్కు: ఒక స్థాయి చదువు పూర్తిచేసి, అదే స్థాయిలో మరో సబ్జెక్టు చదివితే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ రాదు. డిప్లొమాతో వెళ్లి రెండేళ్ల తర్వాత తిరిగి వచ్చిన విద్యార్థిని పోర్టల్ కొత్త కోర్సుగా చూస్తుందా, పాత కోర్సు కొనసాగింపుగానా? జనవరి ప్రవేశాల విద్యార్థికి దరఖాస్తు గడువు ఎప్పుడు? ఈ రెండు ప్రశ్నలకూ సాంఘిక సంక్షేమ శాఖ నుంచి రాతపూర్వక జవాబు తీసుకోకుండా ఏ విశ్వవిద్యాలయమూ వీటిని అమలు చేయకూడదు.

ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు దీన్ని ఇంకో రూపంలో చూశారు. 2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు జీవోతో ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగింది. దాన్ని రద్దు చేయాలని విద్యార్థి సంఘాలు పోరాడుతూ వచ్చాయి. సిలబస్‌లో ఒక్క అక్షరం మారలేదు. అయినా ఎవరు ఎంఎస్సీ చదవగలరో ఆ ఒక్క కాగితం మార్చింది.

లెక్కలు అడగాలి

అఖిల భారత ఉన్నత విద్య సర్వే 2021-22 ప్రకారం దేశంలో ఉన్నత విద్యలో ఉన్న 4.33 కోట్ల మందిలో ఎస్సీ విద్యార్థులు 66.23 లక్షలు. ఇది నమోదైనవారి లెక్క. మన దగ్గర ఉన్న విభాగంలో చేరిన ఎస్సీ విద్యార్థుల్లో ఎంతమంది రెండేళ్లలో ఎంఎస్సీ ముగించారు అన్నది అడిగితే తప్ప బయటకు రాదు.

సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టవచ్చు. దారిద్ర్యరేఖ దిగువన ఉన్నవారికి ఆ ఫీజు కూడా లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. అడగాల్సినవి ఇవి:

- గత ఐదేళ్లలో ఈ ఎంఎస్సీలో వర్గాలవారీగా చేరినవారు, గడువులో ముగించినవారు, మధ్యలో ఆగినవారి సంఖ్య.
- మొదటి ఏడాది తర్వాత డిప్లొమాతో వెళ్లినవారు వర్గాలవారీగా ఎందరు, వారిలో తిరిగి వచ్చినవారు ఎందరు.
- రాత పరీక్ష, ఇంటర్నల్స్, వైవాల్లో వర్గాలవారీగా సగటు మార్కులు, విడివిడిగా.
- గైడ్ కేటాయించిన తేదీలు, వర్గాలవారీగా.
- నిబంధనల మార్పును ఆమోదించిన బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశ మినిట్స్ ప్రతి.

వ్యక్తుల పేర్లు అడగొద్దు. పేర్లు అడిగితే వ్యక్తిగత సమాచారం అని తిరస్కరిస్తారు, పైగా తోటి విద్యార్థులను ఇబ్బందిలో పెట్టినవాళ్లమవుతాం. సంఖ్యలు చాలు. రాత పరీక్షలో దగ్గరగా ఉన్న రెండు వర్గాల సగటు వైవాలో దూరమైతే, ఆ తేడాకు విభాగమే కారణం చెప్పాలి.

ఆ సంఖ్యలతో ఎస్సీ, ఎస్టీ సెల్‌కు, లైజాన్ అధికారికి వినతిపత్రం ఇవ్వాలి. 2012లో యూజీసీ తెచ్చిన సమానత్వ నిబంధనలు ప్రతి ఉన్నత విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలన్నాయి. మీ దగ్గర ఉన్నారో లేదో అడగడంతోనే పని మొదలవుతుంది. బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఎస్సీ, ఎస్టీ అధ్యాపకుడు లేకపోతే ఒకరిని ఆహ్వానించాలని, ముసాయిదాను కనీసం నెల రోజులు విద్యార్థుల ముందు పెట్టాలని కోరండి. రాతపూర్వకంగా కోరండి, రసీదు తీసుకోండి.

ప్రమాణాలు తగ్గించమని ఇందులో ఎక్కడా అడగడం లేదు. గైడ్ సమయానికి దొరకాలి, మార్కులకు కారణం ఉండాలి, డబ్బులేక ఆగినవాళ్లు తిరిగి రాగలగాలి అంటున్నాం. ఇవన్నీ ఉన్న ఎంఎస్సీ ఏ కులం విద్యార్థికైనా మెరుగైన ఎంఎస్సీయే. మీ విభాగంలో తర్వాతి బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఎప్పుడో రేపే వెళ్లి తెలుసుకోండి.